కొస కొరికిన దారం

ఆదోని,
3-11-1955

చిరంజీవి సోమప్పకు, నీ బావ శేషప్ప దీవించి రాసేది.

ఈడ అందరం క్షేమం అని మొదట రాసేది ఆనవాయితీ. ఆ మాటను ఈసారి చివరకు దాచిపెట్టినా. ఆడికి వచ్చేసరికి రోంత మిగిలితే రాస్తా.

రెండు నెలల నుంచి పొద్దున్నే పండ్లు తోముకుంటే రక్తం వస్తాంది. వేపపుల్ల తప్పు అనుకుని కానుగ పుల్లకు మారితి. కానుగ తప్పు అనుకుని ఉప్పుకు మారితి. ముగ్గురినీ మార్చినాక తప్పు నా నోటిదే అని తేలింది. కింది వరసలో ముందరి పండ్లు రెండు, నాలికతో తోస్తే పాత తలుపు మాదిరి ఊగుతాండాయి.

నా పని నీకు తెలుసు. పాటగానికి గొంతు ఎట్లనో నాకు ముందరి పండ్లు అట్ల. దామోదరం శెట్టి మండీలో ఇరవై రెండేండ్ల నుంచి శెనక్కాయ విత్తనం కొరికి, ఆరిందా, పచ్చిగా ఉందా, చేదెక్కిందా అని చెప్పేది నేనే. "ఆరింది" అంటే రైతు నవ్వుతాడు. "పచ్చి" అంటే శెట్టి నవ్వుతాడు. నేను నవ్వకూడదు. ఇప్పుడు కొత్త కాయ దిగే కాలం, దినానికి నూరు మూటలు. ఒక విత్తనం కొరికి ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, బుగ్గన గోలీ అంత బెల్లం పెట్టుకుంటే నాలిక కడిగిన పలక అవుతుంది. మళ్ళా ఇంకో మూట. మా తిక్కయ్య తాత నేర్పిన పద్ధతి ఇప్పటికీ తప్పలేదు. తప్పేది పండ్లే.

ఆస్పత్రికి పోతి. డాక్టరు నోరు తెరవమన్నాడు. బ్యాటరీ లైటు వేసి చూసి, చిగురు మీద వేలు పెట్టి నొక్కినాడు. చీము వచ్చింది. నోరు మూయమని చెప్పి ఒక సీసా చేతికిచ్చి "ఒంటేలు పోసుకుని రా" అన్నాడు.

"సామీ, నొప్పి పైన ఉండాది" అంటి.

"తెలుసులేప్పా, పోసుకుని రా" అన్నాడు.

గాజు గొట్టంలో నీలం మందు పోసి, నాది ఎనిమిది సుక్కలు వేసి దీపం మీద కాచినాడు. నీలం ఆకుపచ్చ అయింది, పసుపు అయింది, చివరకు ఇటికె రంగుకు తిరిగి నిలబడింది. అప్పుడు డాక్టరు నా మొహం చూసినాడు. చక్కెర జబ్బు అంట. ఒంట్లో ఉండే జబ్బు నోట్లో తొంగి చూసిందంట. "తీపి తింటావా?" అని అడిగినాడు. పెండ్లిండ్లలో తప్ప ముట్టనని చెప్పినా. నిజమే కదా. నెల దినాలు పత్యం చేయమన్నాడు. అన్నం తగ్గించాల, జొన్నరొట్టె, కొర్రలు తినాల, కాపీలో చక్కెర మానాల. దిగకుంటే దినమూ సూది. అంతవరకు ఎవరు చెప్పినా పన్ను పీకించుకోవద్దని, రక్తంలో చక్కెర ఉన్నోడికి పుండు మానదని రెండుసార్లు చెప్పినాడు.

వారానికొకసారి ఇంట్లో కాచి రంగు చూసుకోమని మందూ, గొట్టమూ ఇచ్చినాడు. పైన రాసిన రంగుల పేర్లు డాక్టరు చెప్పినవే, నాకు రావు. ఎర్రది, ఎర్రది కానిది, అంతే తెలుసు. నువ్వు రంగుల తొట్టి ముందర పుట్టినోడివి, ఏదన్నా ఉపాయం చెప్పు.

మీ అక్క చెన్నమ్మకు చెప్పొద్దు. ఆమెకు తెలిస్తే కొళాయి కాడికి తెలుస్తుంది, కొళాయికి తెలిస్తే మండీకి తెలుస్తుంది. పండ్లు ఊగేవాని మాట మీద నూరు మూటల బేరం ఏ శెట్టి చేస్తాడు? అందుకే కాచేదంతా మండీ వెనక గోదాములోనే.

క్షేమం రాద్దామంటే కాగితం అయిపోయింది.

శేషప్ప

*

ఎమ్మిగనూరు,
7-11-1955

బావకు సోమప్ప నమస్కారాలు.

నీ జాబు చదివి మొదట నవ్వితి. రెండోసారి చదివితే నవ్వు రాలేదు.

ఈ పొట్లంలో ఐదు కట్టల నూలు ఉండాది. నీలం, ఆకుపచ్చ, పసుపు, కమలాపండు రంగు, ఇటికె రంగు. నేనే అద్దినా, ఈడి డాక్టరుకు చూపించి సరే అనిపించుకున్నా. నీలం అంటే చక్కెర లేదు. ఇటికె అంటే నిండా ఉంది. నడిమివి నడిమివే. నీ గొట్టంలో రంగు ఏ కట్టతో కలుస్తుందో చూసుకుని, జానెడు దారం తెంపి కవర్లో పెట్టి పంపు. మాటలు నువ్వు ఎట్ల కావాలంటే అట్ల తిప్పుతావు. దారం తిరగదు.

తెంపేది పంటితోనే తెంపుతావని తెలుసు. కత్తెర ఎదురుగా ఉన్నా దారం కొరికి తెంపే అలవాటు మన ఇంట్లో ఇద్దరికే, నీకూ అక్కకూ. మన ఊరు పెద్దకడుబూరులో ఉన్నప్పుడు మా అమ్మ కొస చూసి ఇది ఎవరు తెంపిందో చెప్పేది, గ్యాపకం ఉందా? నీది గొడ్డలితో నరికినట్టు సమంగా ఉంటుంది. అక్కకు ముందరి పండ్ల నడుమ సందు. రెండు పోగులు పొడుగ్గా మిగిలిపోతాయి.

అక్కకు చెప్పొద్దు అంటివి. చెప్పను. కానీ నీ రొట్టె కాల్చేది ఆమె, నీ కాపీ కలిపేది ఆమె. పత్యం నీ ఒక్కనిది ఎట్ల అవుతుంది? ఆలోచించు.

నీ బామ్మర్ది
సోమప్ప

*

ఆదోని,
14-11-1955

చిరంజీవి సోమప్పకు దీవెనలు.

దారం చూసినావు కదా. ఇటికె. ఇల్లు కట్టడానికి పనికొస్తుంది, ఒంటికి పనికిరాదు.

పత్యం మాత్రం వంక పెట్టనీయకుండా చేస్తాండా. కొర్రన్నం పిడికెడు. జొన్నరొట్టె ఒకటిన్నర. ఆ సగం రొట్టె చూసి మీ అక్కకు అనుమానం. "ఏం, నా రొట్టె సేదా?" అనింది. కడుపులో వాతం అంటి. వాతానికి కషాయం కాచి తెచ్చింది. అది తాగినాక సూదే మేలు అనిపించింది.

కాపీలో చక్కెర మానినా. శెట్టి మనమని నామకరణానికి లడ్డూలు పంచితే, నా వంతు తీసుకుని హమాలీ లక్ష్మప్పకు ఇచ్చినా. అతను నన్ను దేవుడు అనుకుంటాండాడు. అనుకోనీ.

పండ్లు రోంత ఎక్కువ ఊగుతాండాయి. విత్తనం ఇప్పుడు పక్క పంటితో కొరుకుతాండా. మోటు పన్ను అది, దానికి చదువు లేదు. ముందరి పన్ను అయితే పచ్చి విత్తనం ఒంగేటప్పుడే చెప్పేది. ఇది నలిపినాక చెప్తాంది. ఆ రోంత తేడాకు మొన్న తుగ్గలి రైతు మూటలు ఆరినవి అని చెప్పినా. సాయంత్రానికి అనుమానం పుట్టి, పోయి చేత్తో తడిమి చూసుకుంటి. ఆరినవే. కానీ ఇరవై రెండేండ్లలో తడిమి చూసుకునేది ఇదే మొదలు.

శేషప్ప

*

ఎమ్మిగనూరు,
18-11-1955

బావా,

దారం అందింది. రంగు నువ్వు చెప్పిందే. కొస కూడా నీదే, సమంగా ఉంది. కానీ కొస మీద గోరంత మరక ఉండాది. అది నా అద్దకం కాదు. ముప్పై ఏండ్లు రంగుల్లో చేతులు పెట్టినోడిని, రక్తం ఆరితే ఏ రంగుకు తిరుగుతుందో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఒక దారం కొరికితేనే రక్తం వస్తే, దినానికి నూరు విత్తనాలు కొరికినోని సంగతి ఏంది?

అక్కకు చెప్పు. నెల దాకా ఆగకుండా డాక్టరు కాడికి పో. రంగు వారంవారం పంపు. తప్పిస్తే నేనే బస్సెక్కుతా.

సోమప్ప

*

ఆదోని,
5-12-1955

చిరంజీవి సోమప్పకు, బావ ఆనందంతో రాసేది.

మూడు వారాలు జాబు లేదని కోపం పడొద్దు. మండీలో తల గోక్కునే తీరిక లేదు. అందుకే మంచి కబురుతో కలిపి రాస్తాండా. కవరు తెరిచి చూడు. నీలం! అచ్చం నువ్వు అద్దిన నీలం. మందు పోసినప్పుడు ఎట్ల ఉండెనో, కాచినాక అట్లనే ఉంది. కొర్రలు గెలిచినాయి. డాక్టరు సూది ఓడిపోయింది.

చిగుళ్ళా? రాయి. పండ్లా? ఇనప మేకులు. నిన్న మండీలో పందెం వేసి వక్క కొరికి పగలగొడితి. డాక్టరు సూది మాటే ఎత్తలేదు. నువ్వు ఇంగ నా మీద బెంగ పెట్టుకోవద్దు.

ఈడ చలి ఎక్కువైంది. దవడలకు మఫ్లరు చుట్టుకుని పోతాండా. శెట్టి చూసి "శేషప్పా, సన్యాసుల్లో కలిసినావా?" అన్నాడు. అందరం నవ్వితిమి.

మీ అక్క బాగుంది. ఈడ అందరం క్షేమం. చూసినావా, ఈసారి ఆ మాటకు కూడా కాగితం మిగిలింది.

శేషప్ప

*

ఎమ్మిగనూరు,
8-12-1955

బావా,

నీలం దారం చూసి మా ఇంట్లో నేనొక్కడినే పండగ చేసుకుంటి. నువ్వు ఎవరికీ చెప్పొద్దంటివి కదా, పండగ కూడా ఒంటరిగానే.

మాపటికి దీపం కింద మళ్ళా తీసి చూస్తి.

బావా, ఆ దారం కత్తెరతో కత్తిరించింది.

పండ్లు ఇనప మేకులు అని రాసినోడు, వక్క పగలగొట్టినోడు, జానెడు నూలు దారాన్ని కత్తెరతో ఎందుకు కత్తిరిస్తాడు? నీకు యాభై నాలుగేండ్లు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి నువ్వు దారానికి కత్తెర పట్టింది నేను చూడలేదు. నీ పెండ్లి నాడు కంకణం కూడా కొరికి తెంపి పురోహితునితో తిట్లు తింటివి.

పొద్దున్నే ఈడి డాక్టరు కాడికి పోతి. నీ పేరు చెప్పలేదు. ఒకాయనకు చక్కెర పూర్తిగా దిగింది, చిగుళ్ళు మాత్రం ఇంకా చెడుతున్నట్టుంది, ఉంటుందా అని అడిగితి. ఆయన చాలాసేపు చెప్పినాడు. నాకు అర్థమైంది నా పని మాటల్లో చెప్తా, విను. నీళ్ళు బాగలేకుంటే నూలుకు రంగు పట్టదు. పట్టని నూలును మళ్ళా మళ్ళా ముంచితే ఆ నీళ్ళు ఇంకా చెడతాయి. నెత్తుట్లో చక్కెర ఎక్కితే చిగుళ్ళకు తట్టుకునే శక్తి పోతుంది, చీము పడుతుంది. చీము నిలిస్తే చక్కెర ఇంకా ఎక్కుతుంది, దిగమన్నా దిగదు. ఒకటి చెడి రెండోది బాగుండేది అరుదు అన్నాడు.

ఇంకో మాట కూడా అడిగినాడు. "ఆయనకు దవడ వాసిందా?" అన్నాడు. నాకు నీ మఫ్లరు గ్యాపకం వచ్చింది. కార్తీకం చివరికి వచ్చింది కానీ ఆదోనిలో దవడలకు చుట్టుకునేంత చలి నేను పుట్టినప్పటి నుంచి యినలేదు.

రంగు చెప్పేది ఒకటి, కొస చెప్పేది ఇంకొకటి. నేను కొసనే నమ్ముతా. నిజం రాయి.

సోమప్ప

*

ఆదోని,
11-12-1955, ఆదివారం

సోమప్పా,

దారం ఇచ్చినోడివి, కొస పట్టుకుని లాగుతాండావు. నేనేమన్నా నీ మగ్గం మీద పడుగునా?

ఈ నాలుగు మాటలు కోపంతో రాసి, కలం కింద పెట్టి, మళ్ళా తీసినా. కోపం నిలబడలేదు. దవడ నొప్పి దానికి కూడా చోటు ఇవ్వడం లేదు.

కవర్లో నాలుగు దారాలు ఉండాయి. నాలుగూ ఇటికె రంగే. నవంబరు పద్నాలుగు తరువాత వారానికి ఒకటి, ఈ పొద్దుటిది నాలుగోది. తీసి పెట్టినా, పంపలేదు. నాలుగూ కత్తెరతో కత్తిరించినవే. కొరికితే పన్ను దారంతో పాటు వస్తుందని భయం.

నీలం దారం అబద్ధం. ఎందుకు పంపితినో చెప్తా, నమ్మితే నమ్ము. నేను పత్యం తప్పలేదు. మీ అమ్మ మీద ఒట్టు. అన్నం పిడికెడు దాటలేదు, లడ్డూ ముట్టలేదు, కాపీ చేదు, ఆకలికి రాత్రి నీళ్ళు తాగి పడుకుంటాండా. కాచినప్పుడల్లా ఎర్రగానే తిరుగుతాంది. డాక్టరు కాడికి పోతే ఏమంటాడు? "దొంగతనంగా తింటాండావు" అంటాడు. నువ్వూ అదే అంటావు. తినకుండానే దొంగ అయ్యేదానికంటే, నీలం రాసి మంచోడిని అయ్యేది సులువు అనిపించింది. ఇరవై రెండేండ్లు నా మాటను ఎవరూ రెండోసారి అడగలేదు సోమప్పా. ఉన్నది ఉన్నట్టు చెప్పి, నమ్మరేమో అని భయపడేది నాకు కొత్త.

ఎడమ దవడ నిమ్మకాయంత వాసింది. మొన్నటి నుంచి మాపటికి జ్వరం. నిన్న నూటా పది మూటలు చూస్తి. నోరు ఎంత సచ్చిపోయిందంటే, మూటమూటకీ బుగ్గన పెట్టుకునే బెల్లం కూడా సప్పగా ఉంది. ఒకటికి రెండు ముక్కలు పెట్టుకుంటే గానీ నాలిక లేవలేదు.

శుక్రవారం మార్కెట్టు ముందర పండ్లు పీకే ఆయన వస్తాడు. రెండు నిమిషాల పని అంటాడు. ఊగే రెండూ పీకించేస్తా. చీము పోతుంది, వాపు పోతుంది, ఆదివారం నాటికి పనికి పోవచ్చు. డాక్టరు వద్దన్నాడు, తెలుసు. డాక్టరు ఈ నొప్పితో ఒక రాత్రి పడుకోని, అప్పుడు చెప్పమను.

మీ అక్కకు పిప్పి పన్ను అని చెప్పినా. లవంగం నూరి పెడతాంది పాపం.

శేషప్ప

*

ఎమ్మిగనూరు,
13-12-1955

బావా,

నమ్ముతాండా. ఈ మాట మొదట చదువుకో. నువ్వు పత్యం తప్పలేదు. దొంగతనంగా తినలేదు. ఎదురుగానే తింటాండావు, నూరు మంది చూస్తాండంగా.

బెల్లం బావా! బుగ్గన బెల్లం!

నీ జాబు చేత పట్టుకుని రంగుల తొట్టి కాడ నిలబడి మూడుసార్లు చదివితి. మొదటి జాబులో కూడా రాస్తివి, నేను దాటిపోతి. నువ్వు డాక్టరుకు చెప్పలేదు, ఆయన అడగలేదు. తీపి తింటావా అంటే, లేదంటివి. నీ లెక్కన అది తిండి కాదు. విత్తనం కొరికి ఉమ్మినట్టు అదీ పనిలో ఒక పని. కానీ విత్తనం ఉమ్మేస్తావు. బెల్లం కరిగి లోపలికి పోతుంది. నూటా పది మూటలకు రెండేసి గోలీలు. ఒకసారి ఆ ముక్కలన్నీ ఒక చోట కుప్ప పోసి చూడు. పండక్కి పరమాన్నం వండొచ్చు.

జాబు పట్టుకుని డాక్టరు కాడికి పరుగెత్తితి. ఈసారి నీ పేరు, పని, అన్నీ చెప్పినా. తిట్టుకో. ఆయన తలకాయ పట్టుకున్నాడు. పొద్దంతా చిగుళ్ళకు బెల్లం పట్టించి, దాన్నే ఒంట్లోకి మింగితే, రెండు వైపులా మంట పెట్టినట్టే అన్నాడు. బెల్లం ఆపినంత మాత్రాన ఇప్పుడు చాలదు, చీము ఉంది, జ్వరం ఉంది, సూది తప్పదు, ఆలస్యం వద్దు అన్నాడు. శుక్రవారం సంగతి చెప్తి. కుర్చీలోంచి లేచినాడు. "రోడ్డు పక్కన పీకిస్తే ఆ చీము గొంతులోకి దిగుతుంది. పుండు మానదు. మనిషి దక్కకపోవచ్చు" అన్నాడు. ఇవి ఆయన మాటలే. నేను ఒక్కటి కూడా కలపలేదు.

ఈ జాబు నీకు ఎప్పుడు అందుతుందో నమ్మకం లేదు. అందుకే తంతి కూడా ఇచ్చినా. ఇంటికి ఇస్తే అక్క అదిరిపోతుందని మండీకి ఇచ్చినా. గురువారం మొదటి బస్సుకు వస్తాండా. అక్కకు నేనే చెప్తా. మాట తప్పినందుకు నన్ను ఏమన్నా అను, అనడానికి బతికి ఉండు.

పన్ను ముట్టనీయొద్దు. బెల్లం ముట్టొద్దు. నేను వచ్చేదాకా మూట కూడా ముట్టొద్దు.

సోమప్ప

*

ఆదోని,
22-1-1956

చిరంజీవి సోమప్పకు, బావ శేషప్ప దీవించి రాసేది.

నెల దాటింది నువ్వు వచ్చిపోయి. ఆస్పత్రిలో కలం ఇవ్వలేదు, ఇంటికి వచ్చినాక మీ అక్క ఇవ్వలేదు. ఈ పొద్దు ఇచ్చింది.

నువ్వు వచ్చిన రోజు జ్వరంలో చెప్పలేకపోతి, నీ తంతి సంగతి. గుమాస్తా దాన్ని విప్పి, మండీలో నూరు మంది ముందర గట్టిగా సదివినాడు. "శేషప్పకు చక్కెర జబ్బు, పండ్లు పీకించుకోవద్దు, బెల్లం ఆపు, వస్తాండా." హమాలీలు మూటలు భుజాన పెట్టుకుని అట్లనే నిలబడిపోయినారు. నేను నెల దినాలు దాచింది నువ్వు ఎనిమిది మాటల్లో చాటింపు వేస్తివి. శెట్టి లేచి వచ్చినాడు. అయిపోయింది, ఇంగ పని పోయినట్టే అనుకుంటి.

"నీ పండ్లు ఊగుతాండేది నాకు తెలీదా శేషప్పా?" అన్నాడు. "దసరా నుంచి నువ్వు ఉమ్మే విత్తనం ఎర్రగా పడుతాంది. నేను కండ్లు లేనోడినా?"

"మరి ఎందుకు ఉంచుకున్నారు సామీ?" అంటి.

"కొరికేది ఎలుక కూడా కొరుకుతుంది. సెప్పేదానికి నువ్వు కావాల" అన్నాడు.

ఇది పొగడ్తనో, ఎలుకతో పోల్చినాడో ఇంకా తేల్చుకోలేదు.

ఆస్పత్రిలో పదకొండు దినాలు. దినమూ రెండు రకాల సూదులు. చీముకు ఒకటి, చక్కెరకు ఒకటి. కాంపౌండరు యేసేపు మంచోడు. పొడిచే ముందర సినిమా కథ మొదలుపెడతాడు, పొడిచినాక ఆపేస్తాడు. మిగతాది వినాలంటే మరుసటి దినం సూదికి పోవాల. ఇటికె రంగు నాలుగో దినానికి కమలాపండు అయింది. తొమ్మిదో దినానికి పసుపు. అప్పుడు ఆ రెండు పండ్లూ డాక్టరే తీసినాడు. గంటలో రక్తం నిలిచింది. ఆయన గొట్టం కేసి, నా నోటి కేసి మార్చి మార్చి చూసి, "చూసినావా, రెండూ ఒకేసారి మాట విన్నాయి" అన్నాడు. మిగిలిన చిగుళ్ళు గట్టిపడినాయి. ఇది ఆ నీలం దారపు గట్టి కాదు, నిజం గట్టి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే ఉప్పునీళ్ళే వస్తాండాయి.

మండీకి మొన్న సోమవారం నుంచి పోతాండా. ఇప్పుడు అడకత్తెరతో విత్తనం పగలగొట్టి చెవితో వింటాండా. ఆరినది టక్కుమంటుంది. పచ్చిది నసుగుతుంది. చేదెక్కింది ముక్కుకు తెలుస్తుంది. నాలికతో పని లేదు కాబట్టి బెల్లంతో పనిలేదు. తిక్కయ్య తాత పద్ధతికి ఇరవై రెండేండ్ల తరువాత సెలవు ఇస్తి. పాపం, ఆయన కూడా చివరి రోజుల్లో ఒక్క పన్ను లేకుండా, కాలికి మానని పుండుతో పోయినాడు. అప్పుడు మేమంతా దిష్టి అనుకుంటిమి.

ఇంగ ఒకటే కొరత. మీ అక్క నాతో మాట్లాడదు.

నువ్వు ఆ గురువారం అన్నీ చెప్పినాక ఏడవలేదు, అరవలేదు. "నాకు లవంగం నూరే పని ఒకటి ఇచ్చి, నిజం ఊరికంతా ఇచ్చినావా" అనింది. అంతే. అప్పటి నుంచి ముప్పై ఎనిమిది దినాలు. రొట్టె తూకం వేసినట్టు పెడుతుంది. ఉప్పునీళ్ళు కాచి పెడుతుంది. ఆస్పత్రిలో పదకొండు రాత్రులు నా మంచం కింద పడుకుంది. మాట మాత్రం పెట్టదు. కాచే గొట్టం ఇప్పుడు ఇంట్లోనే, పొయ్యి పక్కన. నేను కాస్తాంటే వెనక నిలబడి చూస్తుంది, నేను తిరిగితే పోతుంది. జోకులు చెప్తి. నూరేండ్లు అంటుందేమో అని తుమ్మితి. తప్పయింది అని నాలుగుసార్లు అంటి. గోడకు సున్నం కొట్టినట్టు, నా మాటలన్నీ ఆమె మీద ఆరిపోతాండాయి. చక్కెర జబ్బుకు సూది ఉంది. దీనికి ఏముంది?

ఈ పొద్దు రంగు చూడు, ఆకుపచ్చ! దారం పెట్టినా. పీకిన చోట సందు ఉంది కాబట్టి కత్తెరతోనే కత్తిరించినా, దానికి పెడర్థాలు తీయొద్దు. కవరు అంటించి డబ్బాలో వేయమని మీ అక్క చేతికే ఇస్తాండా. తీసుకుంటుంది. మాట్లాడదు.

శేషప్ప

*

ఎమ్మిగనూరు,
25-1-1956

బావకు సోమప్ప నమస్కారాలు.

జాబు అందింది. నువ్వు మండీకి పోతాండేది చదివి కడుపు చల్లబడింది. శెట్టి మాట పొగడ్తే, ఎలుకను మర్చిపో.

కానీ బావా, నువ్వు ఒక దారం పెట్టినా అని రాస్తివి. కవర్లో రెండు ఉండాయి.

ఒకటి ఆకుపచ్చ. కత్తెరతో కత్తిరించింది. అది నీది.

రెండోది పసుపు.

దీపం కింద పెట్టి కొస చూసినా. కొరికి తెంపింది. మరక లేదు. చివరన రెండు పోగులు పొడుగ్గా మిగిలినాయి.

నీ గొట్టంలో వచ్చింది పసుపే. ఆకుపచ్చకు దగ్గరగా ఉందని నువ్వు ఒక మెట్టు దాటించి రాసుకుంటివి. వెనక నిలబడి చూసిన మనిషి అది దాటనీయలేదు. చదువు రాదు, కలం పట్టదు. కట్టలోంచి సరైన రంగు ఏరి, జానెడు కొలిచి, పంటితో తెంపి, కవరు అంటించే ముందర లోపల వేసింది. రేపు డాక్టరుకు పసుపు అనే చెప్పు, సూది మందు ఆయన సరిచేస్తాడు.

ముప్పై ఎనిమిది దినాలు మాట్లాడలేదు అని రాస్తివి. మాట్లాడింది బావా. నీ ఎదురుగా కాదు, నీ కవర్లో. పోయి అడుగు, ఈ దారం నీదేనా అని. తిడుతుంది. నిలబడి తిట్టించుకో, మధ్యలో జోకు వేయొద్దు.

ఇంగ మీదట జాబు నువ్వే రాయి. దారం మాత్రం అక్కను వేయనీ.

సోమప్ప